కాణిపాకంలో ప్రమాణం చేసినా బోరులో నీళ్లు పడాలని లేదు

చిత్తూరు వైపు పల్లెల్లో ఒక తగువు ఎంతకీ తెగకపోతే చివరికి వచ్చే మాట ఒకటే: "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధమాడితే కీడు తప్పదని నమ్మకం. అప్పు తీసుకోలేదన్నవాడు, గట్టు జరపలేదన్నవాడు, ఇక తాగనన్నవాడు, అందరి దారీ అటే. ఆ భయం ఎంత గట్టిదంటే కొన్ని తగువులు గుడి దాకా పోకముందే, బస్సెక్కే చోటే తేలిపోతాయి.

ఇప్పుడు బోరుకు పాయింట్ చూసే మనిషిని తలచుకోండి. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. "ఈడ వెయ్యండి సామీ, రెండించిల నీళ్లు" అంటాడు. ఆయన్ని కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చెయ్యమంటే చేస్తాడు, జంకడు. ఎందుకంటే ఆయన అబద్ధం చెప్పడం లేదు. కాయ నిజంగానే లేచింది. కింద నీళ్లున్నాయని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అయినా ఎనిమిది వందల అడుగులు దించాక తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాకపోవచ్చు.

సొంత బుద్ధితో నడవాలా, తెలిసినవాళ్ల మాట వినాలా అన్న ప్రశ్న తరతరాలుగా తెగకపోవడానికి కారణం ఈ దృశ్యంలోనే ఉంది. ఒక మాటను నమ్మేటప్పుడు మనం రెండు వేర్వేరు సంగతులను కలిపి నమ్ముతున్నాం. చెప్పేవాడు నిజాయితీపరుడా అన్నది ఒకటి. అతనికి ఆ విషయం తెలుసా అన్నది ఇంకొకటి. ప్రమాణం మొదటిదాన్నే పరీక్షిస్తుంది. రెండోదాని జోలికి పోదు.

ఆప్తుడంటే చుట్టం కాదు

తెలుగులో ప్రమాణమంటే ఒట్టు. తర్కశాస్త్రంలో ప్రమాణమంటే ఒక విషయాన్ని సరిగ్గా తెలుసుకునే సాధనం. ఏయే సాధనాలను ఒప్పుకోవాలన్న దగ్గరే మన దర్శనాలు విడిపోయాయి. చార్వాకులకు ప్రత్యక్షం ఒక్కటే. బౌద్ధ తార్కికులు, వైశేషికులు దానికి అనుమానాన్ని, అంటే పొగను చూసి నిప్పు ఉందని తేల్చుకోవడాన్ని, చేర్చి ఆగిపోయారు. న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, ఉపమానాన్నీ (తెలిసినదానితో పోల్చి తెలుసుకోవడం) శబ్దాన్నీ కలిపి నాలుగు చేశారు. మీమాంసకుల్లో కుమారిల భట్టు శిష్యపరంపరలో అవి ఆరయ్యాయి. ఇందులో మన పంచాయితీకి కావలసింది శబ్దం. శబ్దమంటే చప్పుడు కాదు, ఇంకొకరు చెప్పగా తెలిసినది.

ఆప్తుడు చెప్పినదే శబ్దమని న్యాయసూత్రం. ఆప్తుడెవరు? భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన లక్షణంలో రెండు షరతులున్నాయి: విషయాన్ని నేరుగా తెలుసుకున్నవాడై ఉండాలి, తెలుసుకున్నది తెలుసుకున్నట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఆ వెంటనే ఆయన అన్నమాట ఇంకా గొప్పది. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనట. పుట్టుకను బట్టి, హోదాను బట్టి ఎవరూ ఆప్తులు కారు. దారి తెలిసిన గొర్రెల కాపరి ఆ దారి విషయంలో ఆప్తుడు. దారి తెలియని పండితుడు కాడు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీన్ని ఇంకా కుదించి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడన్నాడు.

మన వాడుకలో ఈ మాటకు ఏమైందో చూడండి. ఇవాళ ఆప్తుడంటే దగ్గరివాడు, ప్రాణస్నేహితుడు. తెలిసినవాడనే అర్థం జారిపోయి, కావలసినవాడనే అర్థం మిగిలింది. బతుకులో మనం చేసే తప్పు కూడా సరిగ్గా ఇదే. వడ్డీకి డబ్బు ఎక్కడ పెట్టాలో బావమరిదిని అడుగుతాం. మోకాలి నొప్పికి ఏం వాడాలో పక్కింటి పెద్దమ్మను అడుగుతాం. వాళ్లు మన మంచి కోరేవాళ్లే, అందులో అనుమానం లేదు. ఒక షరతు తీరింది. రెండోది తీరిందో లేదో అడగాలన్న ఊహే రాదు, అడిగితే బంధుత్వం చెడుతుందన్న భయం ఒకటి.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంటుంది. బోరు బండిని కుదిర్చే ఏజెంటుకు ఆ చుట్టుపక్కల ఎన్ని అడుగులకు నీళ్లు పడుతున్నాయో బాగా తెలుసు. రోజూ చూస్తుంటాడు. కానీ అడుగుకింత చొప్పున అతనికి ముడుతుంది గనక ఇంకొంచెం లోతుకు పొమ్మనడంలోనే అతని లాభం. తెలుసు, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పే అవసరం లేదు. కొబ్బరికాయ ఆయనకు నిజాయితీ ఉంది, తెలివిడి లేదు. ఏజెంటుకు తెలివిడి ఉంది, నిజాయితీకి అడ్డం ఉంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టి 'మోసగాళ్లు' అంటే మనకు ఒరిగేదేమీ లేదు. మొదటివాడిని అడగవలసిన ప్రశ్న వేరు, రెండోవాడిని అడగవలసిన ప్రశ్న వేరు.

సొంత బుద్ధిని కూడా బోనెక్కించాలి

"ఆత్మబుద్ధి సుఖం, గురుబుద్ధి విశేషం, పరబుద్ధి వినాశం" అని పెద్దలు శ్లోకం అప్పజెబుతారు. నాలుగో పాదం ఆడవాళ్లను తిట్టేది, దాన్ని ఈమధ్య మింగేస్తున్నారు, మంచిదే. మొదటి మూడు పాదాల్లోనే ఉన్న తిరకాసును మాత్రం ఎవరూ పట్టించుకోరు. గురువు కూడా పరుడే కదా? వినాశానికి దారితీసే పరుడు ఎవరు, విశేషాన్నిచ్చే గురువు ఎవరు అని తేల్చాల్సింది మళ్లీ ఆత్మబుద్ధే. డాక్టరు మాటే వింటానని తీర్మానించుకున్నవాడు కూడా ఏ డాక్టరో సొంతంగా ఎంచుకున్నాడు. ఎవరిని నమ్మాలన్న నిర్ణయాన్ని ఇంకొకరికి అప్పగించడం కుదరదు. అప్పగించినా, ఆ ఇంకొకరిని ఎంచుకున్నది మనమే.

రెండో వైపు చూస్తే సొంతబుద్ధి అనుకునేది అంత సొంతమూ కాదు. మన పుట్టినరోజు మనకు ఎలా తెలుసు? అమ్మ చెబితే, ఆసుపత్రి కాగితం చెబితే. శబ్దప్రమాణాన్ని ఒప్పుకోనంటే తన వయసు కూడా తను చెప్పుకోలేడు. స్కాట్లండ్ తాత్వికుడు థామస్ రీడ్ 1764లో ఇదే అన్నాడు: ఎదుటివాళ్ల మాట నమ్మడం పిల్లలకు పుట్టుకతో వచ్చే గుణం, అది లేకపోతే ఏదీ నేర్చుకోలేరు. అంతకు ముందు, 1748లో, డేవిడ్ హ్యూమ్ వాదన వేరు. సాక్షుల మాటలు వాస్తవంతో సరిపోవడం అనుభవంలో చూశాం గనకే నమ్ముతున్నామనీ, ఆ అనుభవం ఎంత బలమో నమ్మకం కూడా అంతే ఉండాలనీ ఆయన పక్షం.

వీళ్లకంటే వెయ్యేళ్లు ముందే మన దగ్గర ఈ వాదం ఇంకా పదునుగా నడిచింది. జ్ఞానం పుట్టగానే దానంతట అదే ప్రమాణమని మీమాంసకులు అన్నారు. దాన్ని వదులుకోవడానికి రెండే కారణాలు: దానికి అడ్డొచ్చే ఇంకో జ్ఞానం కలగాలి, లేదా అది వచ్చిన దారిలో దోషం ఉన్నట్టు తెలియాలి. నైయాయికులు ఒప్పుకోలేదు. ఎండలో దూరంగా నీళ్లు కనిపించాయి, అది నీళ్లేనా ఎండమావా అన్నది కనిపించడంతో తేలదు, వెళ్లి దోసిలి పట్టినప్పుడు తేలుతుందన్నారు.

పని జరగాలంటే ఈ రెండు పక్షాలూ కావాలి. టీ కొట్టు దగ్గర "గూడూరు బస్సు ఎక్కడ ఆగుతుంది" అని అడిగితే మీమాంసకుడిలా నమ్మేయడమే తెలివి. తప్పయితే పోయేది పది నిమిషాలు. లక్ష రూపాయలు, ఒక కిడ్నీ, ఒక పెళ్లి, ఇలాంటివి పణంగా ఉన్నప్పుడు నైయాయికుడు కావాలి. తిరగదోడుకోగల తప్పా, తిరగదోడుకోలేని తప్పా అన్నదే కొలబద్ద.

సొంతబుద్ధిని కూడా ఆప్తుడి లక్షణంతోనే తూచవచ్చు. నాకు ఈ విషయం తెలుసా? తెలిసినది తెలిసినట్టు నాకు నేను చెప్పుకుంటున్నానా? మొదటి ప్రశ్నకు మంచి జవాబు 2009లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు డానియల్ కానెమన్, గ్యారీ క్లైన్ కలిసి రాసిన పరిశోధనా వ్యాసంలో ఉంది. అంతఃప్రేరణను నమ్మాలా వద్దా అని ఏళ్ల తరబడి ఎదురెదురు పక్షాల్లో ఉన్న ఇద్దరు చివరికి రెండు షరతుల దగ్గర కలిశారు. విషయంలో ఒక క్రమం ఉండాలి. మన అంచనా తప్పో ఒప్పో త్వరగా, పదేపదే తెలుస్తుండాలి.

ఈ రెంటినీ మన ఊళ్లకు పెట్టి చూడండి. తిరుమల ఘాట్‌లో రోజూ బండి నడిపే డ్రైవరుకు ప్రతి మలుపులోనూ జవాబు దొరుకుతుంది, స్టీరింగు తిప్పిన రెండో క్షణంలోనే. అతని చేతి అంచనాను నమ్మొచ్చు. దామలచెరువు మండీలో మామిడికాయను వేలితో నొక్కి, తొడిమ దగ్గర వాసన చూసి ఇది మూడు రోజుల్లో పండుతుందనే వ్యాపారికి మూడో రోజు సంగతి తెలిసిపోతుంది. సీజన్లో వేల కాయలు. అతని ముక్కును నమ్మొచ్చు. కానీ అదే వ్యాపారి "వచ్చే ఏడాది తోతాపురికి రేటుంటుంది" అంటే అది కబురు మాత్రమే. ఏడాదికొక్క జవాబు వచ్చే చోట, ఆ జవాబు కూడా గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర మిగిలిన నిల్వ మీదా, ఎగుమతి మీదా, వానల మీదా తేలే చోట, ముప్పై ఏళ్ల అనుభవం వల్ల పెరిగేది ఎక్కువగా గొంతులో ధైర్యమే. ఒకే మనిషి, ఒక విషయంలో ఆప్తుడు, దాని పక్క విషయంలో కాడు. నమ్మకాన్ని మనిషికి మొత్తంగా రాసివ్వకూడదు, విషయం విషయానికీ విడివిడిగా ఇవ్వాలి.

మదనపల్లె మనిషి ఒకరి ప్రస్తావన లేకుండా ఈ విషయం దాటిపోలేం. జిడ్డు కృష్ణమూర్తి 1895లో అక్కడ పుట్టారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆయన్ని జగద్గురువుగా తయారు చేద్దామని ఒక సంఘం పెట్టి దానికి పెద్దను చేశారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్‌లో, వేలమంది ఎదుట ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశారు. సత్యానికి దారి లేదు, దాన్ని ఏ గురువూ ఏ మతమూ చేర్చలేవన్నారు. "ఎవరి మాటా వినొద్దన్న కృష్ణమూర్తి మాట" వినేవాళ్లు ఇప్పటికీ చాలామంది, అందులోని చమత్కారం అలా ఉంచుదాం. ఆయన తోసిపుచ్చింది భయం, కోరిక, దుఃఖం వంటి లోపలి విషయాల్లో ఇంకొకరి పెత్తనాన్ని. వైద్యుడి తెలివిడినీ ఇంజనీరు తెలివిడినీ ఆయన ఆ లెక్కలో కలపలేదు. బీపీ మాత్ర మానేయడానికి కృష్ణమూర్తిని సాక్షిగా పిలిచేవాళ్లు ఆయన్ని చదవలేదన్నమాట.

బుద్ధుడు కేసపుత్తంలో కాలాములకు చెప్పిన ఉపదేశానికీ ఇదే గతి పట్టింది. వినికిడి మీద నమ్మొద్దు, పరంపర అని నమ్మొద్దు, గ్రంథంలో ఉందని నమ్మొద్దు, మా గురువు చెప్పాడని నమ్మొద్దు. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. ఆ జాబితాలోనే తర్కానికి అందిందని కూడా నమ్మొద్దని ఉంది. తేల్చుకోవడానికి ఇచ్చిన గుర్తుల్లో విజ్ఞులు మెచ్చినదా కాదా అన్నది ఒకటి. అంటే సొంత తర్కాన్ని అనుమానించమనీ, తెలిసినవాళ్లను సంప్రదించమనీ అదే ఉపదేశం చెబుతోంది.

కొబ్బరికాయను ఎలా పరీక్షించాలి

బోరు సంగతికి వద్దాం. జిల్లాలో ఎక్కువ భాగం గట్టి రాతి నేల. పైన మట్టి, దాని కింద కుళ్లిన రాయి, ఆ కింద అఖండమైన బండ. నీళ్లుండేది కుళ్లిన పొరలో, ఆ తర్వాత బండలోని పగుళ్లలో. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. పది అడుగులు ఇటు వేస్తే పడి, అటు వేస్తే పడకపోవడం మామూలే.

భూగర్భ శాస్త్రజ్ఞుడు వచ్చి నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా పాతుతాడు. బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ కొలుస్తాడు. బయటి కడ్డీలను దూరం జరిపే కొద్దీ కరెంటు లోతుకు పోతుంది. కరెంటును నేల తక్కువగా అడ్డుకుంటే అక్కడ తడి ఉండొచ్చు, కుళ్లిన రాయి ఉండొచ్చు. బంకమన్ను కూడా అలాగే చూపిస్తుంది, అందులోంచి నీళ్లు రావు. పైగా ఏడు వందల అడుగుల లోతున అంగుళం మందం పగులును ఈ పరికరం పట్టలేదు. పైపొరల గురించి ఇది మంచి సాక్షి, లోతు గురించి బలహీనమైన సాక్షి. నిజాయితీ గల శాస్త్రజ్ఞుడు ఈ మాట తనే చెబుతాడు. ఏ సంకోచమూ లేకుండా "తప్పకుండా పడుతుంది" అనేవాడి కంటే, ఎంతవరకు చెప్పగలడో గీత గీసి చెప్పేవాడి మాటకే బరువెక్కువ.

కొబ్బరికాయకూ వేపపుల్లకూ పేరెలా వచ్చింది? లెక్క చూడండి. ఒక ఊరి పొలాల్లో ఎవరు ఎక్కడ వేసినా పదింట ఆరు బోర్లలో ఎంతోకొంత నీళ్లు పడతాయనుకుందాం. అప్పుడు కళ్లు మూసుకుని రాయి విసిరి పాయింట్ పెట్టినా పదింట ఆరు పడతాయి. పుల్ల పట్టుకున్న ఆయనకు ఆరు పడ్డాయంటే పుల్ల చేసిందేమీ లేదు. అతని గెలుపులను విడిగా లెక్కేస్తే లాభం లేదు, అతను లేకుండా వేసిన బోర్లతో పోల్చాలి. ఈ పోలిక ఎవరూ చెయ్యరు, చెయ్యనివ్వని ఇబ్బంది ఇంకొకటి ఉంది. పడిన బోరు దగ్గర మోటారు ఉంటుంది, పచ్చని చేను ఉంటుంది, దారినపోయేవాడికి కనిపిస్తుంది. పడని బోరు మీద ఒక బండరాయి ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

1990లో జర్మనీలోని కాసెల్‌లో ఇలాంటి పాయింట్ పెట్టేవాళ్లనే పిలిచి పరీక్షించారు. నేలలో పాతిన గొట్టంలో నీళ్లు పారుతున్నాయా ఆగాయా చెప్పమన్నారు. చేయగలమని ముందుగా వాళ్లే ఒప్పుకున్నారు. ఫలితం బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. కాయ లేవడానికి కారణం చేతి కండరాల్లో మనిషికి తెలియకుండా కలిగే చిన్న కదలిక. ఎక్కడ నీళ్లుండాలని మనసు అనుకుంటుందో అక్కడ చెయ్యి కదులుతుంది. అందుకే ఆయన మోసగాడు కాడు. కాణిపాకంలో ఆయన ప్రమాణం నిలబడుతుంది.

మరి రైతు ఏం చెయ్యాలి? అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఖర్చు లేనిది: కిలోమీటరు లోపల ఉన్న బోర్ల వివరం. ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి. లోతు ఎంత, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) ఎన్ని అడుగులు, మొదటి నీళ్లు ఎంత లోతున తగిలాయి, ఇప్పుడు ఏప్రిల్ నెలలో ఎన్ని గంటలు మోటారు ఆడుతుంది, ఏ ఏడాది వేశారు. పడనివి కూడా రాయాలి, అవి మరీ ముఖ్యం. "నీళ్లు బాగున్నాయా అన్నా?" అని అడిగితే "ఏదో ఉండాయి" అన్న జవాబొస్తుంది. "మొన్న ఏప్రిల్లో ఎన్ని గంటలు ఆడింది?" అని అడిగితే అంకె వస్తుంది. మంచి సలహా సగం మంచి ప్రశ్నలోనే ఉంటుంది.

పదుగురాడు మాట

"పదుగురాడు మాట పాడియై ధరజెల్లు" అన్నారు. ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అన్న దానికి లెక్క ఉంది. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు కోండోర్సే 1785లో చూపించాడు. ఒక్కొక్కరు పదింట ఏడుసార్లు సరిగ్గా చెప్పగల ముగ్గురిని అడిగి మెజారిటీ ప్రకారం పోతే 78 శాతం సార్లు సరైన జవాబు వస్తుంది. ఐదుగురిని అడిగితే 84 శాతం. ఒక్కొక్కరు పదింట నాలుగుసార్లే సరిగ్గా చెప్పేవాళ్లయితే మాత్రం ముగ్గురి మెజారిటీ 35 శాతానికి పడిపోతుంది. తెలియనివాళ్లు ఎంతమంది చేరితే తప్పు అంత గట్టిపడుతుంది.

ఇందులో దాగి ఉన్న షరతు, ప్రతి ఒక్కరూ విడివిడిగా తేల్చుకోవాలన్నది. 1907లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ ప్రచురించిన ఎద్దు లెక్క దీనికి నిలువెత్తు సాక్ష్యం. ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత బరువు తూగుతుందో చీటీల మీద రాయమన్నారు. చెల్లిన 787 చీటీల్లో నడిమి అంకె 1,207 పౌండ్లు. తూచితే 1,198. చీటీలు గనక అంత బాగా వచ్చింది. ఒక్కొక్కరు పైకి అరుస్తూ చెప్పి ఉంటే మొదటి గొంతే మిగతావాళ్లందరినీ లాగేసేది.

తిరుపతి బస్టాండు పక్కన రెండు టిఫిన్ హోటళ్లు ఉన్నాయనుకోండి. ఊరికి కొత్తగా వచ్చిన యాత్రికుడికి రెండూ తెలియవు. మొదటివాడు ఏదో అనుకుని ఎడమ హోటల్లోకి పోతాడు, రెండోవాడూ అలాగే. మూడోవాడికి కుడి హోటలు బాగుంటుందని ఎవరో చెప్పారు, కానీ ఇద్దరు ఎడమ వైపు తింటుంటే తన సంగతి పక్కన పెట్టి అటే పోతాడు. నాలుగోవాడికి ముగ్గురు కనిపిస్తారు. అరగంటలో ఎడమ వైపు ముప్పైమంది, కుడి వైపు ఈగలు. ఆ ముప్పైమందిలో సొంత అంచనాతో లోపలికి పోయింది ఇద్దరే. 1992లో ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ గుంపు నడకను వివరించడానికి దాదాపు ఇలాంటి రెండు హోటళ్ల ఉదాహరణే వాడారు, నోబెల్ రావడానికి చాలా ముందు. చీటీల గుంపుకూ వరుసల గుంపుకూ తేడా ఇదే. తిరుపతిలో మంచి ఇడ్లీ కావాలంటే వరుసను చూడొద్దు. ఆటోవాళ్లు మిమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతారో కూడా చూడొద్దు. వాళ్లు పొద్దున్నే ఎక్కడ తింటారో చూడండి. రోజూ జవాబు దొరికే నోళ్లవి, కమిషన్ లేని తిండి అది.

టమాటా వ్యవహారం ఇంకా విచిత్రం. అక్కడ గుంపు తప్పుగా ఆలోచించక్కర్లేదు, అందరూ ఒకేసారి సరిగ్గా ఆలోచించినా చాలు మునగడానికి. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటింది. ఆ రేటు చూసి నాటిన నారు కోతకు రావడానికి రెండు నెలలు పైన పడుతుంది. అందరి కాయా ఒకేసారి వస్తుంది. సెప్టెంబరు కల్లా ధర కుప్పకూలింది. పక్క రైతు ఏం వేశాడో తెలుసుకోవాలి, కానీ అతను వేశాడని మనం వెయ్యడానికి కాదు.

ఒంటరిగా నిలబడడం ఎంత కష్టమో 1951లో వెలువడిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సాలమన్ ఆష్ ప్రయోగాల్లో కనిపిస్తుంది. ఇచ్చిన గీతకు సమానమైన పొడవు గీత ఏదో కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్నా, గదిలో మిగతావాళ్లంతా తప్పు చెబితే సుమారు మూడింట ఒక వంతు జవాబులు తప్పు వైపు మొగ్గాయి. అయితే గదిలో ఒక్కడు, ఒకే ఒక్కడు నిజం చెబితే ఆ మొగ్గు చాలామటుకు పోయింది. ఇంట్లో పెద్ద నిర్ణయానికి కూర్చున్నప్పుడు పొసగని మాట చెప్పే చిన్న తమ్ముణ్ణి "నువ్వూరుకోరా" అనే ముందు ఇది గుర్తుంటే మేలు.

వేలూరు దాకా పోయి రావడం

చిత్తూరువాళ్లకు వైద్యంలో రెండో అభిప్రాయం అంటే చాలావరకు తమిళనాడులోని రాయవేలూరు ఆసుపత్రే. గంట ప్రయాణం. పోయిరావడం మంచిదే, కానీ పోయే తీరు వల్ల సగం లాభం పోతుంది. మొదటి డాక్టరు చెప్పిన మాటను ముందే రెండో డాక్టరు చెవిలో వేస్తే ఆయన జవాబు దాని చుట్టూనే తిరుగుతుంది. ఫిల్ములు, సీడీలు, రక్త పరీక్షలు, ముక్క తీసి ఉంటే దాని స్లయిడ్లు పట్టుకుపోవాలి. అవి అడిగి తీసుకోవచ్చు. "ముందు మీరు చూడండి డాక్టరుగారూ, అక్కడేమన్నారో తర్వాత చెబుతాము" అనడంలో అమర్యాద ఏమీ లేదు. ఇద్దరినీ ఒకే మూడు ప్రశ్నలు అడగాలి: చేయించకపోతే ఏమవుతుంది? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? ఏం జరిగితే మీ అభిప్రాయం మారుతుంది? మూడోదానికి జవాబు లేనివాడు ఆలోచించి చెప్పడం లేదని నా అనుమానం. ఇద్దరూ వేర్వేరుగా చెబితే మూడోవాడి దగ్గరికి పరుగెత్తేముందు, ఎక్కడ విడిపోయారో కనుక్కోవాలి. రోగం ఏమిటన్న దగ్గరా, లేక రోగం ఒకటే అయినా ఎంత తొందర అన్న దగ్గరా? మొదటిది వైద్యులు తేల్చాలి. రెండోదానిలో రోగి వయసు, పని, ఇంటి పరిస్థితి కలుస్తాయి. అక్కడ రోగి మాటకే బరువెక్కువ.

ఇదంతా సమయం ఉన్నప్పుడు. గుండెపోటు, ఆగని రక్తం, మూతి వంకరపోయి చెయ్యి పడిపోవడం, వీటికి రెండో అభిప్రాయం లేదు. పక్షవాతంలో మెదడుకు అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. దగ్గర్లో ఆ వసతి ఉన్న ఆసుపత్రికే పోవాలి.

ఆరు వందల అడుగుల దగ్గర

సుమతీ శతకం పద్యం బడిలో అందరం చదివాం.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
గనికల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ

వినడం, వేగపడకపోవడం, వివరించి చూడడం, ఈ వరుస మారకూడదు. చిక్కేమిటంటే వేగపడే చోటే మన బుద్ధి అడుగంటుతుంది.

రాత్రి పదకొండు. బోరు బండి హోరు. రాడ్డు ఇరవై అడుగులు, ముప్పైవది దిగింది. దుమ్ము పొడిగా, తెల్లగా లేస్తోంది. లెక్క కోసం మొదటి మూడు వందల అడుగులకు అడుగు వంద రూపాయలనీ, ఆపైన ప్రతి వంద అడుగులకూ అడుగు మీద పది రూపాయల చొప్పున పెరుగుతుందనీ అనుకుందాం. ఆరు వందలకు అరవై ఆరు వేలు అయ్యాయి. డ్రైవరు చెయ్యూపి అడుగుతాడు, "ఇంకో వంద పోదామా?" గట్టు మీద కూర్చున్న నలుగురూ "ఇంత పోయినాక ఆపేదేంది, పో" అంటారు. రైతు మనసులో అరవై ఆరు వేలు తిరుగుతుంటాయి.

ఆ క్షణంలో ఎవరూ ఆప్తులు కారు. గట్టు మీది వాళ్లకు డబ్బు పోదు. డ్రైవరుకు అడుగులు పెరగాలి. రైతు సొంతబుద్ధికి పోయిన డబ్బు కళ్లకు అడ్డం పడుతోంది. పోయింది పోయింది, అది ఆపినా రాదు, పోయినా రాదు. అడగాల్సింది వేరే ప్రశ్న: ఆరు నుంచి ఏడు వందల మధ్య ఈ చుట్టుపక్కల ఎన్ని బోర్లకు నీళ్లు తగిలాయి, ఆ అవకాశానికి పద్నాలుగు వేలు పెట్టొచ్చా? ఎనిమిది వందలకు తొంభై ఐదు వేలు, వెయ్యికి లక్షా ఇరవై ఎనిమిది వేలు. ఈ అంకెలు రాత్రి పదకొండింటికి తట్టవు. బండి రాకముందు, పగటిపూట, పొరుగు బోర్ల కాగితం ముందు పెట్టుకుని ఆగే లోతు తేల్చి రాసుకోవాలి. ఆ కాగితం ఇంట్లో ఇల్లాలి చేతికో, రాత్రి గట్టు మీదికి రాని మనిషి చేతికో ఇచ్చి, దాటాలంటే వాళ్లకు ఫోన్ చేసి కారణం చెప్పాలని ఒప్పందం పెట్టుకోవాలి. కారణం అంటే "ఇంత పోయినాం కదా" కాదు. దుమ్ము తడిసిందా, రంగు మారిందా, రాడ్డు ఒక్కసారిగా జారిందా, అలాంటిది. ఇలా రాసుకున్నవాడు ఇంకొకరి మాట వింటున్నాడా, తన మాటే వింటున్నాడా అంటే, పగటి తనను రాత్రి తాను వింటున్నాడు.

పడకపోతే గొట్టం తీసేసి వదిలేయకూడదు. పిల్లలు పడిపోతున్నారని సుప్రీంకోర్టు 2010లోనే వదిలేసిన బోర్లను పూడ్చాలనీ, మూత బిగించాలనీ ఆదేశాలిచ్చింది. అడుగు నుంచి మట్టి, రాళ్లతో నింపి, పైన ఇనుప మూత వెల్డింగ్ చేయించండి. ఆ మూత మీద పెయింటుతో నాలుగు ముక్కలు రాయించండి: తేదీ, లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు, పాయింట్ ఎలా పెట్టారు, కాయతోనా, పుల్లతోనా, కడ్డీలతోనా. పక్క చేను ఆయన రేపు కాగితం పట్టుకుని వచ్చినప్పుడు ఆ బండరాయి కింది సంగతి కూడా అతని లెక్కలోకి వస్తుంది.